పాత దాగలి పలుకు

(హోసూరులో జరిగిన తెలుగువారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇనుప పని నేర్చుకోవాలనుకొనే పిల్లల కోసం ఒక చిన్న కొలిమిశాలను నెలకొల్పాలనీ, దానికి కావలసిన దాగళ్లను కొత్తవి కొనక పాతవి సేకరించాలనీ మీరు తలపెట్టినారు. కొన్నేళ్లుగా పాత పనిముట్ల వెంట తిరుగుతున్నవాణ్ణి గనుక, పాత దాగలిని ఎక్కడ వెతకాలి, ఎలా పరీక్షించాలి అన్న సంగతులు చెప్పుమని నన్ను పిలిచినారు. చెప్పదలచినదాని సారం మొదటనే చెబుతాను. పాత దాగలిని చెవితోను, చేతితోను పరీక్షించి కొనాలి. కొన్నదానిని తిరిగి పనిలో నిలపాలి. దానితో పాటు దానిని వాడిన ఇంటివారి మాటలను కూడా రాసిపెట్టుకోవాలి. ఈ మూడింటిలో ఏది విడిచినా మన చేతిలో మిగిలేది తూకానికి అమ్ముడుపోయే ఇనుము మాత్రమే.

దాగలి అనే మాట

ఈ సభలోని చిన్నవారిలో కొందరికి దాగలి అంటే ఏమిటో తెలియకపోవచ్చు. అందులో వారి తప్పు లేదు. ఊరిలో కొలిమి ఆరిపోతే దాని మాటలు బడిలో దొరకవు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుమును పటకారుతో పట్టి, ఏ దిమ్మ మీద పెట్టి సుత్తెతోను సమ్మెటతోను కొడతారో ఆ ఇనుప దిమ్మ దాగలి. దీనికే డాకలి, డాకల్లు, దాకలి, దాయి అనే రూపాలు కూడా మన నిఘంటువులలో ఉన్నాయి. కన్నడిగులు అడిగల్లు అంటారు. తమిళంలో అడైకల్ అనే మాట ఉంది. బరో, ఎమెనో పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటన్నిటినీ ఒకే మూలం కింద చేర్చింది. 'అడ' అంటే ఆధారం, ఊత. 'కల్' అంటే రాయి. ఊతగా పెట్టుకొన్న రాయి అన్నమాట. పెళ్లిలో తొక్కే సన్నికల్లులో ఉన్న కల్లే ఇక్కడా ఉంది.

మరి 'అడకల్' మన నోట 'డాకలి' ఎట్లా అయింది? తమిళుల ఇరండు మనకు రెండు అయినట్లు, వారి ఉరల్ మనకు రోలు అయినట్లే అయింది. మాట మొదట ఉన్న అచ్చు వెనుకకు జరిగి హల్లు ముందుకు రావడం తెలుగుకు ఉన్న పాత అలవాటు. ఇనుప దిమ్మలు రాకముందు మన పూర్వులు రాతి మీదనే లోహాన్ని సాగగొట్టినారన్న జ్ఞాపకం ఈ చిన్న మాటలో దాగి ఉంది. సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న మూడు భాషల కమ్మరులూ ఒకే మాటను మూడు తీరుల పలుకుతున్నారన్నది, ఇక్కడ హోసూరులో కూర్చున్న మనకు మరింత దగ్గరగా తోచే సంగతి.

ఇంకొక మాట పట్టెడ. దీనికి దాగలి అనీ, పనిచేసే చోటు అనీ రెండు అర్థాలున్నాయి. తమిళులు తమ పట్టడై, పట్టరై రూపాలను పోగొట్టుకోలేదు. ఈనాటికీ శిక్షణ తరగతులను వారు 'పయిర్చిప్ పట్టరై' అని పిలుచుకొంటున్నారు. మనం మాత్రం పట్టెడను అటకెక్కించి కార్యశాల అంటున్నాం. మీరు పెట్టబోయే శాలకు పేరు వెతుకుతున్నారని విన్నాను. ఈ మాటను ఒకసారి ఆలోచించండి.

రెండు జాతుల దాగళ్లు

మన పల్లెలలో దొరికేవి స్థూలంగా రెండు విధాలు. మొదటిది దేశవాళీ దాగలి. చదరపు ముఖం గల దిమ్మ. కొన్నింటికి అడుగున మేకువంటి కాడ ఉంటుంది. ఆ కాడను చెట్టు మొద్దులోకి దించి, మొద్దును నేలలో పాతుతారు. దీనికి కొమ్ము ఉండదు. కమ్మరి నేల మీద కూర్చొని పనిచేసే పద్ధతికి తగినట్లుగా ఇది తక్కువ ఎత్తులో ఉంటుంది. కొడవలి, గొడ్డలి, నాగటి కర్రు, ఎద్దుల లాడాలు వంటి ఊరి పనులన్నీ ఇటువంటి దిమ్మ మీదనే జరిగినాయి.

రెండవది తెల్లవారి కాలంలో రైలు కార్ఖానాలతో, గనులతో, మిల్లులతో వచ్చిన కొమ్ము దాగలి. ఒక వైపు కొమ్ములా సన్నగిల్లే గుండ్రని భాగం, దాని వెనుక చిన్న మెట్టు, ఆపైన చదునైన పొడవాటి ముఖం, ముఖం చివర ఒక చదరపు రంధ్రం, ఒక గుండ్రని రంధ్రం ఉంటాయి. కొమ్ము మీద కడియాలు, కొక్కేలు వంచుతారు. చదరపు రంధ్రంలో ఉలివంటి పనిముట్ల కాడలను నిలుపుతారు. గుండ్రని రంధ్రం మీద పెట్టి ఇనుముకు బెజ్జాలు పొడుస్తారు.

నేర్పే శాలకు రెండూ కావాలి. కొమ్ము దాగలి లేకుంటే వంపు పనులు నేర్పడం కష్టం. దేశవాళీది లేకుంటే మన కమ్మరులు కూర్చొని చేసిన పని తీరు పిల్లలకు అందదు.

ఎక్కడ వెతకాలి

ట్రాక్టరు వచ్చి కర్రు పని తగ్గింది. రబ్బరు చక్రాలు వచ్చి బండికి ఇనుప పట్టా వేసే పని పోయింది. అచ్చుపోసిన పారలు, కొడవళ్లు అంగళ్లలోకి వచ్చినాయి. ఇక్కడ 1970ల తర్వాత పరిశ్రమలు పెరిగి, కమ్మరి ఇళ్ల పిల్లలు ఫ్యాక్టరీ గేట్లలోకి పోయినారు. కాబట్టి మొదట వెతకవలసింది మూతపడిన ఊరి కొలిముల దగ్గర. దాగలి చాలాసార్లు వసారా మూలనో, గొడ్ల కొట్టంలోనో మట్టిలో సగం దిగి ఉంటుంది. దాని మీద బట్టలు ఉతకడం, కొబ్బరికాయలు కొట్టడం కూడా జరుగుతుంది.

రెండవ చోటు పాత కార్ఖానాలు. రైలు కార్ఖానాలలో మద్రాసు పెరంబూరుది 1856 నాటిది. మన పక్కనున్న కోలారు బంగారు గనులలో జాన్ టేలర్ కంపెనీ 1880లో పని మొదలుపెట్టింది. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినాయి. గట్టి రాతిని తొలిచే గని ఏదైనా సరే, మొద్దుబారిన ఉలులను కాల్చి, కొట్టి, మళ్లీ పదును పెట్టే కమ్మరులు లేకుండా సాగలేదు. పాత నూలు మిల్లులు, చక్కెర మిల్లుల మరమ్మతు షెడ్లలోనూ ఇటువంటి దాగళ్లు ఉంటాయి. ప్రభుత్వ సంస్థల పాత సామాను ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైను వేలంలో గుత్తగా పోతుంది. వేలం పాడుకొన్న వ్యాపారి వద్దకు వెళ్లి ఒక్క దాగలిని విడిగా అడగడమే మనబోటివారికి సులువైన దారి.

మూడవది పాత ఇనుప అంగళ్లు, సంతలు. బెంగుళూరు గుజరీ అంగళ్లు, హైదరాబాదు జుమ్మేరాత్ బజారు వంటి చోట్ల ఓపికగా తిరగాలి. అంగడివాడికి దాగలి పేరు తెలియకపోవచ్చు. షోలాపురంలో ఐరణ్ అనీ, బరంపురంలో నిహాయి అనీ అడిగితే తెలుస్తుంది. ఎక్కడైనా గుర్తుంచుకోవలసింది ఒకటే. అక్కడ దాగలికి శత్రువు గ్యాసు మంట. పెద్ద దిమ్మను కొలిమిలోకి పట్టేటట్లు ముక్కలుగా కోసి కరిగింపుకు పంపుతారు. కోసిన దాగలిని ఎవరూ అతికించలేరు.

ఎలా పరీక్షించాలి

తుప్పును చూసి దాగలిని తోసిపుచ్చకండి. పైన ఎర్రగా ఉన్న తుప్పు ఇనుప తీగల కుంచెతో రుద్ది, నూనె పూస్తే పోతుంది. చూడవలసినది ముఖం గట్టితనం. పాత కొమ్ము దాగళ్లలో చాలావాటికి ఒళ్లంతా మెత్తని చేత ఇనుము. దాని ముఖం మీద మాత్రం రమారమి అర అంగుళం మందాన ఉక్కు పలకను కొలిమిలోనే అతికి, పదును పెట్టినారు. దాగలి ప్రాణం ఆ పలకలో ఉంది.

మొదటి పరీక్ష చెవిది. దాగలి చుట్టూ ఉన్న గొలుసులు, మట్టి తీసివేసి చిన్న సుత్తెతో ముఖం మీద ఒక అంచు నుండి రెండవ అంచు దాకా తట్టుతూ పోవాలి. మంచి దాగలి గంటలా మోగుతుంది. ఒకే చోట మోత చచ్చి 'డబ్'మంటే అక్కడ పలక ఒంటి నుండి ఊడుతున్నదని అనుమానించాలి. అయితే మోత లేనంత మాత్రాన చెడ్డదని తీర్పు చెప్పరాదు. అమెరికాలో ఫిషర్ కంపెనీ పోత ఇనుప ఒంటికి ఉక్కు ముఖం పెట్టి చేసిన దాగళ్లు మోగవు. అయినా అవి మంచి పనిముట్లే. నేలలో లోతుగా పాతిన దిమ్మ కూడా గట్టిగా మోగదు.

రెండవ పరీక్ష ఎగురుడు. బేరింగులోని ఒక ఉక్కు గుండును పది అంగుళాల ఎత్తు నుండి ముఖం మీదకు జారవిడవాలి. ఏడెనిమిది అంగుళాలకు తగ్గకుండా తిరిగి లేస్తే మంచి దాగలి. తొమ్మిది దాకా లేస్తే మేలైనది. అయిదు దాటకపోతే అది మెత్తని ముఖమో, ఒట్టి పోత ఇనుమో అయి ఉంటుంది. ఈ పరీక్షను ఒక్కచోట చేసి ఊరుకోక ముఖం పొడవునా చేయాలి. గుండు లేచే ఎత్తుకు కమ్మరి భుజానికీ సంబంధం ఉంది. సుత్తెను తిరిగి పైకి నెట్టే దాగలి మీద పనిచేసేవాడు సాయంకాలానికి అంతగా అలసిపోడు.

మూడవ పరీక్ష ఆకురాయిది. ముఖం అంచున ఆకురాయితో ఒక్కసారి మెల్లగా గీయాలి. ఆకురాయి జారిపోతే పదును నిలిచి ఉంది. ఇనుమును కొరికితే పదును పోయింది. షెడ్డు కాలిపోయి మంటలలో చిక్కిన దాగళ్లు ఇటువంటివి. చూడటానికి నిక్షేపంగా ఉంటాయి, నాలుగు దెబ్బలకు గుంటలు పడతాయి.

తర్వాత కంటి పని. ముఖం మధ్య కొద్దిగా పల్లంగా ఉండటం తరాల పనికి గుర్తు. అది స్వల్పమైతే దోషం కాదు, వంకర ఇనుమును సరిచేయడానికి పనికివస్తుంది కూడా. అంచులు కొద్దిగా గుండ్రబడినా చింత లేదు. ముఖం మీద అడ్డంగా పోయే పగులు, నడుము దగ్గర చీలిక, కొమ్ము మొదట్లో బీట ఉంటే మాత్రం దండం పెట్టి వెనుదిరగండి.

అంకెల రహస్యం

ఇంగ్లండులో తయారైన దాగలి పక్కన మూడు అంకెలు వరుసగా చెక్కి ఉంటాయి. చాలామంది వాటిని తయారీ సంవత్సరమనో, వరుస సంఖ్య అనో అనుకొంటారు. అవి బరువు. మొదటి అంకె హండ్రెడ్‌వెయిట్లు, అంటే ఒక్కొక్కటి 112 పౌనులు. రెండవది దానిలో పావులు, అంటే ఒక్కొక్కటి 28 పౌనులు. మూడవది మిగిలిన పౌనులు. 1, 2, 10 అని ఉంటే 112, 56, 10 కలిపి 178 పౌనులు. మన లెక్కలో దాదాపు 81 కిలోలు. తూకానికి, ఈ లెక్కకు చాలా తేడా వస్తే ఎక్కడో ముక్క పోయిందని, లేదా ముఖాన్ని యంత్రంతో చెక్కివేసినారని తెలిసికోవచ్చు.

డడ్లీలోని పీటర్ రైట్, షెఫీల్డులోని మౌస్‌హోల్ పేర్లు ఉన్నవి పేరుపడ్డ దాగళ్లు. మౌస్‌హోల్ దాగళ్లలో కొన్నిటి మీద ఎలుక బొమ్మ కూడా ఉంటుంది. అరిగిన అక్షరాలు చదవడానికి సుద్దపొడి రుద్ది, టార్చి వెలుగును పక్క నుండి వేసి చూడాలి. నడుము దగ్గరా, అడుగునా చిన్న చదరపు గుంటలు కనిపిస్తే మరీ సంతోషించండి. దిమ్మ ఎర్రగా కాలినప్పుడు కడ్డీలతో పట్టి తిప్పడానికి చేసిన గుంటలవి. అది పోతపోసినది కాక, సమ్మెటలతో కొట్టి చేసిన దాగలి అనడానికి అవి సాక్ష్యం.

బరువు ఎంత ఉండాలంటే, వాడే సుత్తె బరువుకు ఇరవై రెట్లకు తగ్గరాదని ఒక మోటు లెక్క. 4 కిలోల సమ్మెట వేసే చోట 80 కిలోల దాగలి కావాలి. పిల్లలు ఒక కిలో సుత్తెతో నేర్చుకొనే తొలి దశకు అంతకన్నా చిన్నవి చాలు.

పట్టా ముక్క

మంచి దాగలి దొరికేదాకా పని ఆగనక్కరలేదు. మన కమ్మరులు ఎన్నడో రైలు పట్టా ముక్కను దాగలిగా చేసుకొన్నారు. పట్టా మంచి ఉక్కు. ఇప్పుడు వాడుకలో ఉన్న పట్టాలు మీటరుకు 52, 60 కిలోల తూగేవి. ముక్కను పడుకోబెట్టకుండా నిలువుగా నిలిపి కొడితే, ముఖం చిన్నదైనా బరువంతా దెబ్బ కిందనే ఉండి గట్టిగా నిలుస్తుంది. అయితే ఒక హెచ్చరిక. రైలు ఆస్తిని సరైన ఆధారం లేకుండా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం. వేలం రసీదు నకలు ఇవ్వలేని వ్యాపారి వద్ద పట్టా ముక్క కొనకండి. పిల్లలకు నేర్పే చోట దొంగసొమ్ము ఉండరాదు.

చేయకూడని పనులు

ముఖం నున్నగా మెరవాలని లేతు అంగడికి తీసుకుపోయి చెక్కించకండి. అరిగి మిగిలిన ఉక్కు పలక మరీ పలచబడుతుంది. విరిగిన అంచులకు తోచినట్లు వెల్డింగు చేయించకండి. ముందుగా దిమ్మను తగినంత వేడిచేయకుండా వేసిన అతుకు పక్కనే పగులుతుంది. చుట్టూ ఉన్న పదును కూడా పోతుంది. తుప్పు వదలడానికి మంటలో పెట్టడం అన్నిటికంటే చేటు. రంగు వేసి గాజు పెట్టెలో పెట్టవలసిన వస్తువు కూడా కాదు అది. చింత మొద్దునో తుమ్మ మొద్దునో తెచ్చి, కదలకుండా బిగించి, నిలబడి చేసేవారికి పిడికిలి కణుపులు తగిలే ఎత్తులో నిలిపితే చాలు.

న్యాయమైన బేరం

ఇప్పుడు అసలు మాట. తాత చనిపోయిన ఇంట్లో దాగలిని చూసి, వారికి విలువ తెలియదు గదా అని తూకం ధరకు ఎత్తుకురావడం మంచి పని కాదు. దసరాకు పసుపు కుంకుమలు అందుకొన్న వస్తువు అది. తెలిసినవారు దాని మీద కూర్చోరు, కాలు పెట్టరు. పాత ఇనుము ధర ఎంతో, పనికివచ్చే దాగలి ధర ఎంతో ఇంటివారికి ముందే చెప్పండి. కమ్మరి వీధిలో సూదులు అమ్మినట్లుగా వారికి వారి పనినే వివరించబోకండి. అడిగి తెలిసికోండి. ఒక్క కొలిమి అయినా వెలుగుతున్న ఇంటి దాగలిని ఎంత ధర వచ్చినా కొనకండి. దానికి మన శాల కంటె అదే మంచి చోటు. అక్కడికి మన పిల్లలను పంపుదాం.

కొన్నప్పుడు తూకం, కొలతలు, గుర్తులు రాసుకొన్నట్లే మాటలు కూడా రాసుకోండి. ఆ ఇంట్లో దాగలి అన్నారా, దాకలి అన్నారా, దాయి అన్నారా? ముఖాన్ని, కొమ్మును, మొద్దును, తిత్తి కర్రను ఏమని పిలిచినారు? ఇనుము ఏ రంగుకు వచ్చినప్పుడు ఏమనేవారు? పెద్దకమ్మరి చిన్న సుత్తెతో తట్టి చూపితే సమ్మెటవాడు కొడతాడు. ఆ తట్టులో 'ఇక ఆపు' అనడానికి గుర్తు ఏది? ముసలివారి అనుమతితో ఫోనులో వారి గొంతును పట్టుకోండి. కన్నడ మాటో తమిళ మాటో కలిసివస్తే దిద్దకండి. అది మనం ఇక్కడ నలుగురితో కలిసి బతికిన బతుకు గుర్తు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ వృత్తి పదకోశం 1962లో వెలువడింది. ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో తిరిగి, రైతుల నోటి నుండి మాటలు ఏరి కూర్చిన గ్రంథమది. హోసూరు, బళ్లారి, కోలారు, షోలాపురం, బరంపురం, యానాం కమ్మరుల మాటలు ఏరవలసినవారు అక్కడి నుండి రారు. మన ఇంటి మాటలకు మనమే పూచీ. దక్షిణాది 'ఉక్కు' అనే మాట తెల్లవారి నోట 'వూట్జ్' అయి లోకంలోని లోహశాస్త్ర గ్రంథాలన్నిటా నిలిచింది. ఆ ఉక్కును సాగగొట్టిన దిమ్మ పేరు మాత్రం మన పిల్లల నోటనే లేకుండా పోరాదు.

చివరగా ఒక పని అప్పగించి సెలవు తీసుకొంటాను. వచ్చే సమావేశానికి మీలో ప్రతి ఒక్కరూ మీ ఊరిలోనో మీ అత్తగారి ఊరిలోనో ఆరిన కొలిమి ఒకటి ఎక్కడుందో కనుక్కొని రండి. ఒక ఉక్కు గుండును, ఒక చిన్న సుత్తెను, ఒక నోటు పుస్తకాన్ని వెంట తీసుకుపోండి. ముందు ఇంటి పెద్దను పలకరించండి, తర్వాత దాగలిని తట్టండి. రెండు పలుకులనూ రాసుకొని రండి.